పెద్దవయసులో గుండె ఆపరేషన్: ముందూ తర్వాతా తిండి ఎలా పెట్టాలి?

"నాన్నగారికి బైపాస్ అయింది. ఇంటికి తీసుకొచ్చాం. ఏం పెట్టమంటారు?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. రెండు మాటల్లో జవాబు చెబితే సగం సంగతి మిగిలిపోతోంది. అందుకే ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజు నుంచి మూడో నెల దాకా చేయాల్సినవన్నీ వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. అరవై అయిదు దాటినవారికి గుండె ఆపరేషన్ అయితే మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు తక్కువ పెట్టడం. పథ్యం పేరుతో చారన్నం, ఇడ్లీ, జావలతో నెలరోజులు గడిపేస్తాం. 'లంఖణం పరమౌషధం' అన్న మాట అజీర్తికి సరిపోతుందేమో గానీ, కోసి తీగతో బిగించిన ఛాతీ ఎముకకు సరిపోదు. ఆ ఎముక అతకాలన్నా, బైపాస్ కోసం రక్తనాళం తీసిన చోట కాలి గాయం మానాలన్నా, మనిషి తనంతట తాను లేచి నడవాలన్నా శరీరానికి సరుకు కావాలి.

ఇక్కడ రాసినవి బైపాస్, వాల్వు ఆపరేషన్లు చేయించుకునే పెద్దవారి కోసం. కిడ్నీ జబ్బు, కాలేయ జబ్బు, గుండె బాగా బలహీనపడిన స్థితి ఉంటే అంకెలు మారతాయి. అలాంటివారి విషయంలో డాక్టరు, డైటీషియన్ చెప్పిన లెక్కనే పాటించండి.

1. తేదీ ఖాయం కాగానే చూసుకోవాల్సినవి

బరువుతో మొదలుపెట్టండి. ఇప్పటి బరువు తెలిస్తే చాలదు, ఆరు నెలల కిందట ఎంత ఉండేదో కూడా కావాలి. గుర్తులేకపోతే పాత మందుల చీటీలు తీయండి, చాలావాటి మీద బరువు రాసి ఉంటుంది. కావాలని తగ్గకుండానే నూటికి 5 వంతులు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు వస్తే, డాక్టరుకు చెప్పాల్సిన విషయం. 54కు వస్తే పోషణ బాగా దెబ్బతిన్నట్టే. కాళ్ళకు నీరు పట్టి ఉంటే మాత్రం ఆ బరువును నమ్మకండి, లోపల కండ కరిగినా తూకం అంతే చూపిస్తుంది.

ఇక కండ సంగతి. పొట్ట ముందుకొచ్చి, పిక్కలు సన్నబడిన పెద్దవారిని చూసి "ఒళ్ళు బాగానే ఉందిలే" అనుకుంటాం. రెండు చిన్న పరీక్షలతో అసలు సంగతి బయటపడుతుంది. చేతులు ఛాతీకి ఆనించుకుని, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టు. మామూలు నడకతో 5 మీటర్లు నడవడానికి 6 సెకన్లు, అంతకుమించి పడితే ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి ఎక్కువ సాయం అవసరమవుతుంది. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉన్నవారితో, వాల్వు బాగా మూసుకుపోయినవారితో ఈ రెండూ ఇంట్లో చేయించవద్దు.

రక్తపరీక్షల కాగితాల్లో ఇవి చూడండి:

- హిమోగ్లోబిన్: మగవారికి 13, ఆడవారికి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. ఇనుము మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది. వ్యవధి తక్కువగా ఉంటే సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించడం గురించి అడగండి.
- ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్): 3.5 కంటే తగ్గితే జబ్బు తీవ్రత, లోపలి వాపు, కొంతవరకు పోషణ లోపం కూడా కారణం కావచ్చు. గుడ్లు పెట్టినంత మాత్రాన ఇది వారంలో పెరగదు.
- హెచ్‌బిఎ1సి: మూడు నెలల షుగర్ లెక్క. ఎక్కువగా ఉండి, ఆపరేషన్ అత్యవసరం కాకపోతే, ముందు షుగర్ అదుపులోకి తెమ్మని డాక్టరు చెప్పవచ్చు.
- క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం: ఎంత ప్రోటీన్ పెట్టవచ్చు, కొబ్బరినీళ్ళు ఇవ్వవచ్చా అన్నవి వీటిని బట్టే తేలుతాయి.

పళ్ళనూ మరవకండి. కదిలే పన్ను, వదులైన కట్టుడుపళ్ళు ఉన్న మనిషి ముక్క నమలలేక పక్కన పెట్టేస్తారు. మనం దాన్ని ఆకలి లేకపోవడం అనుకుంటాం. వాల్వు ఆపరేషన్‌కు ముందు చిగుళ్ళలో, పళ్ళలో ఇన్ఫెక్షన్ లేదని ఎలాగూ తేల్చుకోవాలి. ఆ పనితోపాటే కట్టుడుపళ్ళు కూడా సరిచేయించండి.

2. ఆపరేషన్‌కు ముందున్న రెండు మూడు వారాలు

ఈ సమయంలో కొత్తగా బరువు తగ్గించే ప్రయత్నం పెట్టుకోకండి. "గుండె జబ్బు కదా, ఈరోజు నుంచి రాత్రిపూట భోజనం మానేస్తా" అని పట్టుబట్టే పెద్దలు చాలామంది. వారికి నచ్చజెప్పండి. ఇప్పుడు కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కూడా 10 రోజులు పూర్తిగా మంచం మీదే ఉంటే కాళ్ళ కండ దాదాపు ఒక కిలో కరిగిపోయినట్టు పరిశోధనలో తేలింది. ఆపరేషన్ దెబ్బ దానికి అదనం.

రోజుకు ఎంత ప్రోటీన్? కిడ్నీలు సరిగా ఉంటే కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మొత్తం తిండి కిలోకు 25 నుంచి 30 కేలరీలు, అంటే 1,500 నుంచి 1,800.

ఈ లెక్క గ్రాముల్లో వింటే పెద్దగా అనిపించదు. వంటింట్లోకి వచ్చి కొలిస్తే గానీ తెలియదు:

- మూడు ఇడ్లీలు: ఆరు గ్రాములు
- గ్లాసు నీళ్ళ రాగిజావ: రెండు గ్రాములు
- ఒక గుడ్డు: ఆరు గ్రాములు
- 200 మి.లీ. పాలు: ఆరు నుంచి ఏడు గ్రాములు
- కప్పు గట్టి పెరుగు: ఆరు గ్రాములు
- పచ్చి తూకం 40 గ్రాముల కందిపప్పు: తొమ్మిది గ్రాములు
- 75 గ్రాముల వండిన చేప లేదా కోడిమాంసం: 18 గ్రాములు, ఆపైన
- 75 గ్రాముల పనీరు: 14 గ్రాములు
- 25 గ్రాముల ఎండు మీల్‌మేకర్: 13 గ్రాములు

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం జావ, రాత్రి పెరుగన్నం తిన్న మనిషికి పాతిక గ్రాములు కూడా పడవు. పొట్ట నిండినట్టే ఉంటుంది, కండకు మాత్రం ఏమీ చేరదు.

ఈ వారాల్లోనే చేయాల్సిన మరికొన్ని పనులు:

- పొగ, మద్యం వెంటనే మానాలి. నాలుగు వారాల ముందే మానగలిగితే ఊపిరితిత్తులకు చాలా మేలు. రోజూ తాగే అలవాటు ఉన్నవారు మద్యాన్ని ఒక్కసారిగా ఆపేముందు డాక్టరుకు చెప్పాలి.
- ఆస్పత్రివారు ఇచ్చే మూడు బంతుల ఊపిరి పరికరాన్ని ఇప్పటి నుంచే సాధన చేయించండి. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పిలో పనికొస్తుంది.
- వెల్లుల్లి మాత్రలు, చేపనూనె గొట్టాలు, నాటుమందులు, కషాయాలు ఏవి వాడుతున్నా ఒక కాగితం మీద రాసి సర్జన్‌కు చూపించండి. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.
- మలబద్ధకం ఉంటే ఇప్పుడే సరిచేయండి. ఆపరేషన్ తర్వాత అది రెట్టింపవుతుంది.

3. ముందు రాత్రి, ఆ ఉదయం

మన దగ్గర రాత్రి 8 గంటలకు భోజనం ముగించి, మర్నాడు మధ్యాహ్నం దాకా చుక్క నీళ్ళు లేకుండా పెద్దవారిని కూర్చోబెట్టడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. సాధారణంగా మత్తు ఇవ్వడానికి 6 గంటల ముందు వరకు తేలికపాటి ఆహారం, 2 గంటల ముందు వరకు నీళ్ళు తీసుకోవచ్చు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటల వ్యవధి ఉండాలి. పాలు, పాలు కలిపిన కాఫీ నీళ్ళ కిందకు రావు, తిండి కిందకే వస్తాయి.

అయితే షుగర్ వల్ల జీర్ణాశయం నెమ్మదించినవారికి, ఇతర సమస్యలున్నవారికి ఈ గడువు మారుతుంది. అందుకే మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు సూటిగా అడిగి, జవాబు రాసుకోండి:

- ఆఖరి భోజనం ఎన్ని గంటలకు? ఆఖరి గుక్క నీళ్ళు ఎన్ని గంటలకు?
- ఏ మాత్రలు ఆపాలి, ఏవి ఆ ఉదయం కూడా వేయాలి?
- ఆపరేషన్ ఆలస్యమైతే నీళ్ళు ఇవ్వవచ్చా?

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే తప్పకుండా చెప్పండి. వాటిని సాధారణంగా కనీసం 3 రోజుల ముందే ఆపిస్తారు. ఉపవాసంలో అవి ఒంట్లో ఉంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. ఇవి గుండె బలహీనతకు కూడా ఇస్తారు కాబట్టి, షుగర్ లేనివారు సైతం తమ మాత్రల పేర్లు చూసుకోవాలి.

4. ఆస్పత్రిలో ఉన్న రోజులు

ఊపిరి గొట్టం తీసిన తర్వాత మొదటి గుక్క నర్సు సమక్షంలోనే. వెంటిలేటర్ మీద ఎక్కువసేపు ఉన్న పెద్దవారికి మింగడం కొన్నాళ్ళు తడబడుతుంది. నీళ్ళు తాగగానే దగ్గు, తాగాక గొంతు తడిగా గరగరలాడటం కనిపిస్తే అక్కడే ఆపి చెప్పండి. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి తాగించవద్దు, వీపు నిటారుగా ఉండాలి, తిన్నాక అరగంట అలాగే కూర్చోవాలి.

మొదటి రెండు రోజులు ప్లేటులో సగం మిగిలినా కంగారు పడనక్కర్లేదు. మూడో రోజుకూ సగం కంటే తక్కువే తింటుంటే డైటీషియన్‌ను పిలిపించండి. నోటితో చాలనప్పుడు ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. "గొట్టం అంటే ఇక ఆశ లేదు" అని బంధువులు బెంబేలెత్తుతారు. అది కొద్దిరోజులు కండను కాపాడే ఏర్పాటు మాత్రమే.

ఆపరేషన్‌కు ముందు నుంచే వారాల తరబడి సరిగా తినని మనిషికి మాత్రం ఒక్కసారిగా పెంచకూడదు. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి ప్రమాదం. అలాంటివారికి కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతారు.

సంచిలో ఇవి వేసుకెళ్ళండి: కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడుపళ్ళు, వాటి డబ్బా, ఒక చిన్న నోటుపుస్తకం. మొదటి రెండూ తిండికి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కళ్ళు కనబడక, చెవి వినబడక పెద్దవారు ఐసీయూలో అయోమయంలో పడతారు, అయోమయంలో ఉన్న మనిషి తినరు. నోటుపుస్తకంలో ఏ పూట ఎంత తిన్నారో రాయండి. "బాగానే తింటున్నారు" అనే మాట కంటే "నిన్న రెండు ఇడ్లీలు, సగం గ్లాసు పాలు" అన్న మాటతో డాక్టరుకు పని జరుగుతుంది.

5. ఇంటికి వచ్చాక: రోజు ఎలా నడవాలి

మూడు పెద్ద భోజనాలు పెద్దవారికి భారం. ఆరేడు చిన్న పూటలు చేయండి. 60 కిలోల మనిషికి ఒక నమూనా:

- 6.30: గ్లాసు పాలు, లేదా ఆ పాలతోనే కాఫీ
- 8.00: రెండు మెత్తని పెసరట్లు, ఒక ఉడికించిన గుడ్డు
- 10.30: కప్పు పెరుగు లేదా చిక్కని మజ్జిగ, ఒక పండు
- 1.00: కప్పు అన్నం, గట్టి పప్పు, చేప లేదా కోడికూర (శాకాహారులకు పనీరు, మీల్‌మేకర్), కూరగాయ, పెరుగు
- 4.30: మెత్తగా ఉడికించిన పెసల గుగ్గిళ్ళు లేదా బలపరిచిన జావ
- 7.30: ఇడ్లీ లేదా చపాతీ, పప్పు, రెండు గుడ్ల తెల్లసొన
- 9.00: సగం గ్లాసు పాలు

ఇవన్నీ తింటే 85 గ్రాముల చుట్టుపక్కల ప్రోటీన్ వస్తుంది. కొన్నిరోజులు 60 దగ్గరే ఆగిపోతారు, ఫరవాలేదు. వరుసగా నాలుగు రోజులు ఆగిపోతే డాక్టరుకు చెప్పండి.

పూటపూటా ప్రోటీన్ ఉండేలా చూడటం ముఖ్యం. పొద్దున ఉప్మా, రాత్రి అటుకులు పెట్టి, మొత్తం ప్రోటీన్ మధ్యాహ్నమే పెట్టడం మంచిది కాదు. వయసు మీదపడ్డ కండకు ఒక్కో పూటలో కొంత మోతాదు చేరితే గానీ కదలిక రాదు.

కంచంలో ముక్క, పప్పు ముందు తినిపించండి. అన్నం తర్వాత. చారు పోసుకున్నాక కడుపు నిండిపోతుంది, మనం వండిన కూర గిన్నెలోనే ఉండిపోతుంది.

బలపరిచిన జావ ఇలా కాయండి. పెసరపప్పు దోరగా వేయించి పొడిచేసి సీసాలో పెట్టుకోండి. గిన్నెలో 20 గ్రాముల రాగిపిండి, 15 గ్రాముల పెసరపొడి తీసుకుని ముప్పావు గ్లాసు చన్నీళ్ళు పోసి ఉండలు లేకుండా కలపాలి. సన్నని మంట మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ కాయాలి. పచ్చివాసన పోయి గరిటెకు అంటుకుంటున్నప్పుడు 150 మి.లీ. పాలు పోసి ఒక పొంగు రానివ్వాలి. దించాక, వేడి కాస్త తగ్గనిచ్చి, 15 గ్రాముల పాలపొడిని విడిగా తీసిన కొద్ది జావలో కలిపి, దాన్ని మిగతా జావలో వేయాలి. మంట మీద ఉండగా వేస్తే అడుగంటి మాడువాసన పడుతుంది. నీళ్ళ జావలో రెండు గ్రాములుంటే ఇందులో పదిహేను. అదే గ్లాసు, అదే రంగు.

డబ్బా పొడులు కొనేముందు లేబుల్ మీద 100 గ్రాములకు ప్రోటీన్ ఎంత, చక్కెర ఎంత అని చదవండి. బలానికి అని అమ్మే చాలా పొడుల్లో చక్కెర పాలే ఎక్కువ. షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవారికి వేరే రకాలుంటాయి, అడిగి కొనండి.

6. పథ్యం: ఏది ఉంచాలి, ఏది వదలాలి

మా నాన్నకు 74వ ఏట బైపాస్ అయింది. ఇంటికి వచ్చిన నాటి నుంచి అమ్మ కంటికి రెప్పలా చూసుకుంది. పప్పు పెడితే కుట్లు చీము పడతాయని, గుడ్డు వేడి చేస్తుందని, చేప దురద పుట్టిస్తుందని అన్నీ పక్కన పెట్టి, మూడుపూటలా కాచిన చారు, మెత్తని అన్నం, నెయ్యి లేని కారప్పొడి పెట్టింది. మూడో వారంలో నాన్న చేతిగడియారం మోచేతి దాకా జారడం మొదలైంది. పట్టీకి కొత్త రంధ్రం పొడిపించాం. కుర్చీలోంచి లేవడానికి కిటికీ ఊచ పట్టుకునేవారు. కాలి మీద గాయం తడి ఆరలేదు.

అమ్మ ప్రేమలో లోటేమీ లేదు. ఆమెకు తెలిసిన పథ్యం అది. డైటీషియన్ ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మా, గోడ కట్టాలంటే ఇటుకలు కావాలి కదా, ఆ ఇటుకలు పప్పులో, గుడ్డులో ఉన్నాయి" అని చెప్పాక ఆ సాయంత్రమే గుడ్డు ఉడికింది. ఇంట్లో వండే చేతికి చెప్పకుండా, పక్కన నిలబడ్డ కొడుకుకు చెబితే ఏదీ మారదు. డిశ్చార్జి రోజున వంట చేసేవారిని వెంట తీసుకెళ్ళండి.

కుట్లు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. షుగర్ పెరగడం, గాయం తడిగా ఉండటం, పోషణ చాలకపోవడం వాటికి దారి తెరుస్తాయి. పప్పుకు, గుడ్డుకు ఇందులో పాత్ర లేదు. ఇదివరకే ఏదైనా పదార్థం పడని మనిషైతే అదొక్కటే మానండి.

మేక కాళ్ళ సూపు తాగితే ఎముక అతుకుతుందని నమ్మేవారున్నారు. సూపు తాగించవచ్చు, కానీ ఉప్పు తక్కువ వేసి, పైన తేలే కొవ్వు తీసేసి, లోపలి మెత్తని మాంసం కూడా తినిపించాలి. ఒట్టి నీళ్ళలో ప్రోటీన్ కొద్దిగానే ఉంటుంది. కొరమీను మాత్రం మన పెద్దలు చెప్పినట్టే మంచి ఆహారం, మెత్తగా ఉంటుంది, ముల్లు తక్కువ.

పాత పథ్యంలో నిలుపుకోవాల్సినవీ ఉన్నాయి: వేళకు వేడిగా తినడం, కారం మసాలా తగ్గించడం, బయటి తిండి మానడం, రాత్రి పెందలాడే తినడం.

7. ఉప్పు, నీళ్ళు, తూకం

రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక చిన్న చెంచా. ఇడ్లీపిండిలో, పచ్చడిలో, మజ్జిగలో పడేది కూడా ఇందులోనిదే. పొద్దునే ఆ చెంచాడు ఉప్పు చిన్న డబ్బాలో తీసిపెట్టి, పెద్దవారి వంటకు అందులోంచే వాడితే లెక్క తప్పదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు మొదటి మూడు నెలలు దూరం. రుచికి నిమ్మరసం, చింతపండు, అల్లం, జీలకర్ర, కొత్తిమీర, వేయించిన ధనియాలపొడి ఉన్నాయి.

ఉప్పును పూర్తిగా తీసేయడమూ తప్పే. నీరు లాగే మాత్రలు వాడే పెద్దవారిలో సోడియం పడిపోయి మగత, తికమక వస్తాయి. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని బీపీ మాత్రలు వాడుతున్నా అది ప్రమాదం. కొబ్బరినీళ్ళకూ ఇదే జాగ్రత్త. డాక్టరును అడగకుండా రోజూ ఇవ్వకండి.

నీళ్ళకు పరిమితి చెప్పి ఉంటే, అంత కొలత ఒక సీసాలో నింపి పెట్టండి. పాలు, మజ్జిగ, చారు కూడా లెక్కలోవే. ఆ పరిమితి ఉన్నవారికి పలుచని చారు కంటే గట్టి పెరుగు, గట్టి పప్పు మేలు.

ప్రతి ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో తూకం చూసి క్యాలెండర్ మీద రాయండి. ఒక రోజులో కిలోకు మించి, వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే అది తిండి కాదు, నీరు. అదే రోజు డాక్టరుకు ఫోను చేయండి. వారం వారం తగ్గుతూ పోతుంటే తిండి చాలడం లేదు.

8. మందులూ తిండీ

- వార్ఫరిన్, ఎసినోకుమరాల్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు, లోహపు వాల్వు వేసినవారికి తప్పనిసరి): తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకుల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఆకుకూరలు మానక్కర్లేదు. ప్రతివారం దాదాపు ఒకే మోతాదులో తినండి. ఒక వారం అసలు లేక, మరో వారం రోజూ తింటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే పరీక్ష అంకె) అటూ ఇటూ ఊగుతుంది.
- ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్: ఆకుకూరలతో పేచీ లేదు. బైపాస్ అయినవారు చాలామంది అనవసరంగా ఆకుకూరలు మానేస్తున్నారు. మాత్ర చీటీ చూసి నిర్ణయించుకోండి.
- ఇనుము మాత్ర: నిమ్మరసంతో మంచిది. టీ, కాఫీ, పాలకు రెండు గంటల దూరం. మలం నల్లగా రావడం మామూలే. జిగటగా, తారులా, దుర్వాసనతో వస్తే మాత్రం రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించాలి.
- థైరాయిడ్ మాత్ర: ఖాళీ కడుపున. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం.
- కొలెస్ట్రాల్ మాత్ర వాడుతూ పంపరపనస తినే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి.
- ఇన్సులిన్: తిండి తగ్గిన రోజున పాత మోతాదే వేస్తే షుగర్ పడిపోతుంది. భోజనం సగం కూడా తినకపోతే ఏం చేయాలో ముందే రాయించుకోండి. 70 కంటే పడితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్సు పిలవండి.

9. తిన్నది కండ కావాలంటే

కదలిక లేకపోతే తిన్న ప్రోటీన్ కండగా నిలవదు. మొదటి వారం ఇంట్లోనే అయిదేసి నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు నడిపించండి. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే ఆపి కూర్చోబెట్టండి. నొప్పి మాత్ర వేసిన అరగంటకు నడక సులువు. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అనుకునే పెద్దలు ఊపిరి గట్టిగా తీసుకోరు, దగ్గరు, తినరు.

ఛాతీ ఎముక గట్టిపడటానికి 6 నుంచి 8 వారాలు, పూర్తిగా కుదురుకోవడానికి దాదాపు 12 వారాలు. అప్పటిదాకా డాక్టరు చెప్పిన బరువుకు మించి, సాధారణంగా రెండు మూడు కిలోలకు మించి, ఎత్తకూడదు. నీళ్ళ బకెట్, మనవడు, గ్యాస్ బండ ఏదైనా సరే. లేచేటప్పుడు చేతులతో నొక్కకుండా, కుర్చీ అంచుకు జరిగి కాళ్ళ మీద బరువు వేసి లేవాలి. దగ్గేటప్పుడు దిండు ఛాతీకి హత్తుకోవాలి.

10. తరచూ వచ్చే చిక్కులు, సర్దుబాట్లు

నోరు చేదుగా, ఇనుము నమిలినట్టుగా ఉంది: కొన్ని వారాలు మామూలే. తినేముందు నోరు పుక్కిలించి, నాలుక శుభ్రం చేయించండి. వేడి కూరల వాసన పడకపోతే పెరుగు, గుడ్డు, పనీరు చల్లగా ఇవ్వండి. నాలుక మీద తెల్లని పూత ఉంటే చూపించాలి, మందుతో పోతుంది.

ముద్ద చూస్తేనే విసుగు: చిన్న పళ్ళెంలో కొద్దిగా పెట్టండి. పక్కన ఎవరైనా కూర్చుని తినాలి. తినలేదని గద్దించకండి. గుండె ఆపరేషన్ తర్వాత దిగులు కమ్ముకోవడం చాలామందిలో జరుగుతుంది. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరుతో మాట్లాడండి.

మలబద్ధకం: ముక్కడం గుండెకు మంచిది కాదు. బొప్పాయి, నానబెట్టిన కిస్‌మిస్, ఉడికించిన కూరగాయలు, నడక. ఇసబ్‌గోల్‌కు నీళ్ళు బాగా కావాలి. నీళ్ళ పరిమితి ఉన్నవారు దాన్ని వాడకుండా వేరే మందు అడగాలి. మూడు రోజులు దాటనివ్వకండి.

షుగర్ పెరుగుతోంది: తిండి తగ్గించవద్దు, మందు సరిచేయించండి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు పెంచవచ్చు. పళ్ళరసం మాని పండు ఇవ్వండి.

బంధువులు తెచ్చిన పళ్ళు, మిఠాయిలు: ఏం తేవాలని అడిగినవారికి గుడ్లు, పెసలు, పాలపొడి అని మొహమాటపడకుండా చెప్పండి.

11. ఫోను చేయాల్సిన సందర్భాలు

వెంటనే 108కి:

- తగ్గని ఛాతీనొప్పి, ఊపిరి ఆడకపోవడం
- మాట తడబడటం, మూతి వంకరపోవడం, చేయి లేదా కాలు పడిపోవడం
- ఆగని రక్తస్రావం, స్పృహ తప్పడం

అదే రోజు డాక్టరుకు:

- 100.4 ఫారెన్‌హీట్, అంతకుమించి జ్వరం
- గాయం ఎర్రబడటం, చీము, ఛాతీ ఎముక కదిలినట్టు 'టక్'మనడం
- పడుకుంటే ఆయాసం, ఒక కాలే బాగా వాచి నొప్పి
- కొత్తగా తికమకగా మాట్లాడటం
- రెండు రోజులుగా సగం తిండి కూడా తినకపోవడం, వాంతులతో మందులు నిలవకపోవడం

12. ఆరో వారం తర్వాత

మొదటి పరీక్షకు వెళ్ళినప్పుడు తూకాలు రాసిన క్యాలెండర్ వెంట తీసుకెళ్ళండి. బరువు నిలకడగా ఉండి, గాయాలు మాని, ఆకలి తిరిగొస్తే అప్పుడు నెమ్మదిగా గుండెకు తగిన దీర్ఘకాల భోజనంలోకి మారాలి: మనిషికి రోజుకు నాలుగైదు చిన్న చెంచాల నూనె, వేపుళ్ళు అరుదుగా, దంపుడు బియ్యం లేదా జొన్న, రోజూ కూరగాయలు, పప్పు, పెరుగు, వారానికి రెండుసార్లు చేప. అంతకుముందు, మనిషి చిక్కిపోతున్న వారాల్లో, పప్పన్నంలో చిన్న చెంచా నెయ్యి కోసం ఇంట్లో తగవు పడకండి. ఆ చెంచాడుతో ఇంకో నాలుగు ముద్దలు లోపలికి పోతే లాభమే.

కుర్చీ పరీక్ష ఈసారి డాక్టరు అనుమతితో మళ్ళీ చేయించండి. మా నాన్నకు పదో వారంలో అయిదుసార్లు లేవడానికి 14 సెకన్లు పట్టింది. గడియారం పట్టీ పాత రంధ్రానికి రావడానికి మాత్రం అయిదు నెలలు పట్టింది.